నిక్సన్, కార్టర్: గుణమా, పనితనమా?

అమెరికా అధ్యక్షుణ్ణి గుణంతో తూచాలా, పనితో తూచాలా అన్న ప్రశ్నకు రిచర్డ్ నిక్సన్, జిమ్మీ కార్టర్‌లను పక్కపక్కన పెట్టి చూడవచ్చు. 1970లో పర్యావరణ పరిరక్షణ సంస్థను నెలకొల్పి, 1972లో చైనాకు స్వయంగా వెళ్ళి దౌత్యానికి దారి తెరిచిన నిక్సన్, ప్రతిపక్ష పార్టీ కార్యాలయంలో జరిగిన చొరబాటు కుంభకోణమైన వాటర్‌గేట్‌ను కప్పిపుచ్చబోయి, తన సంభాషణల రికార్డింగుల్లో 18 నిమిషాలకు పైగా చెరిగిపోయిన టేపును మిగిల్చి, 1974 ఆగస్టు 9న గద్దె దిగారు. కార్టర్ తీరు వేరు. 1978లో ఈజిప్టు, ఇజ్రాయెల్ మధ్య శాంతి కోసం ఆయన నడిపిన క్యాంప్ డేవిడ్ చర్చలు 13వ రోజున తెగిపోబోతుండగా, ఇజ్రాయెల్ ప్రధాని బిగిన్ మనవలు, మనవరాళ్ళ పేర్లు ఒక్కొక్కటిగా రాసి సంతకం చేసిన ఫొటోలను కార్టర్ బిగిన్ చేతిలో పెట్టారు, బిగిన్ మెత్తబడ్డారు. అయితే ఇరాన్‌లో 52 మంది అమెరికన్లు 444 రోజులు బందీలుగా మగ్గడంతో ఆ మంచితనం 1980 ఎన్నికల్లో అక్కరకు రాలేదు. పనుల పట్టికలో నిక్సన్‌దే పైచేయి కావచ్చు గానీ, ఆ పదవిపై జనానికి సడలిన నమ్మకాన్నీ ఆయన ఖాతాలోనే రాయాలి కనుక, నేను కార్టర్ వైపే మొగ్గుతాను.