అమ్మ క్యాన్సర్ చికిత్సలో డే కేర్ సిస్టర్‌కే నా పూర్తి మార్కులు

అమ్మకి రొమ్ము క్యాన్సర్ అని తేలాక హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చూపించాం. ఆపరేషన్ చేసే సర్జన్, కీమో రాసే మెడికల్ ఆంకాలజిస్టు, కరెంటు పెట్టే రేడియేషన్ డాక్టరు ఎవరికి వారు వేరని అందరికీ తెలిసిందే. నేను రాయాలనుకున్నది కీమో ఎక్కించి అదే రోజు ఇంటికి పంపే డే కేర్ వార్డులో ఉండే సిస్టర్ గురించి.

మొదటిసారి అడ్రియామైసిన్ అనే ఎర్రటి కీమో మందు ఎక్కించే ముందు ఆవిడ అమ్మ పక్కన కూర్చుని, "మూత్రం ఎర్రగా వస్తుందమ్మా, అది మందు రంగే, రక్తం కాదు, భయపడకండి" అని చెప్పారు. జ్వరం 100.4 దాటితే ఏ వేళైనా ఫోన్ చేయమని చీటీ మీద నంబరు రాసిచ్చారు.

తర్వాతి కీమో అయి వారం దాటాక, ఖమ్మంలో ఇంట్లో ఉండగా అర్ధరాత్రి అమ్మకి 101 వచ్చింది. కొద్దిగా చలి, అంతే. దగ్గు లేదు, నొప్పి లేదు. దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్తే డ్యూటీ డాక్టరు వైరల్ అయ్యుంటుంది, పారాసిటమాల్ వేసి పొద్దున్నే చూద్దాం అన్నారు. సిస్టర్‌కి ఫోన్ చేశాను. "ఫోన్ ఆ డాక్టర్ గారికి ఇవ్వండి" అన్నారు. ఏ మందు ఎక్కించారో, ఏ తేదీనో చెప్పి, మా ఆంకాలజిస్టునీ నిద్రలేపి లైన్లో కలిపారు. రక్తంలో క్రిములున్నాయేమో చూసే కల్చర్‌కీ, రక్తకణాల కౌంట్‌కీ రక్తం తీసి, రిపోర్టు కోసం ఆగకుండా అప్పుడే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. న్యూట్రోఫిల్స్, అంటే ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్ల రక్తకణాలు, 500 లోపే ఉన్నాయని తెల్లవారాక తెలిసింది. కీమో తర్వాత సాధారణంగా 7 నుంచి 14 రోజుల మధ్య ఈ కణాలు బాగా పడిపోతాయి. పోరాడే కణాలే లేనప్పుడు చీము పట్టదు, కఫం రాదు, ఒక్కోసారి జ్వరం ఒక్కటే కనిపిస్తుంది. ఆలస్యమైతే ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి కొన్ని గంటల్లోనే బీపీ పడిపోవచ్చు. ఆ రాత్రి అమ్మ దక్కింది ఆ ఫోన్ వల్లే అని నా నమ్మకం.

మొదట్లో నేను బంధువులందరికీ ట్యూమర్ బోర్డు గురించే గొప్పగా చెప్పేదాన్ని. డాక్టర్లందరూ పాథాలజిస్టుతో, రేడియాలజిస్టుతో కలిసి కూర్చుని, ముందు కీమో, తర్వాత ఆపరేషన్ అని తేల్చారు. ఆ నిర్ణయం మంచిదే, గడ్డ బాగా తగ్గింది. కానీ చంక గ్రంథులు తీసేశాక చేతికి వ్యాయామాలు నేర్పే ఫిజియోథెరపిస్టు దగ్గరికి మమ్మల్ని ఎవరూ పంపలేదు. చెయ్యి వాచాకే ఆవిడని కలిశాం. వాపు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు, అమ్మ ఇప్పటికీ బిగుతు స్లీవ్ వేసుకుంటుంది. ఈ విషయంలో నాకు కోపం ఇంకా ఉంది.

సిస్టర్ విషయంలోనూ ఒక మాట చెప్పాలి. ఆవిడ సెలవులో ఉన్నప్పుడు అదే నంబరుకి చేస్తే, ఎత్తినవాళ్ళు ఓపీకి రమ్మని పెట్టేశారు. అంటే మాకు దొరికింది ఒక మంచి మనిషి, ఆసుపత్రి పెట్టిన ఏర్పాటు కాదు. మేం దాదాపు 200 కిలోమీటర్ల దూరంలో ఉంటాం కాబట్టి ఫోన్ మీదే బతికాం. హైదరాబాద్‌లోనే ఉండి నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళగలిగేవాళ్ళకి ఇది అంత పెద్ద విషయం అనిపించకపోవచ్చు. మాలా దూరం నుంచి వచ్చేవాళ్ళు మాత్రం మొదటి కీమోకి ముందే రాత్రి ఫోన్ ఎవరు ఎత్తుతారో, వాళ్ళు లేకపోతే ఎవరో అడిగి రాయించుకోండి. ఆపరేషన్ అయిన వారంలోనే ఫిజియోథెరపీకి చీటీ అడగండి.