చర్చి టూర్ అని చెప్పి షోరూమ్‌లో దింపారు: లివర్‌పూల్, కోవెంట్రీ యాత్ర

కొత్త మందిరం కట్టుకునే ఆలోచనలో ఉన్న సంఘాల వాళ్లు ఇంగ్లండ్ వెళ్లి అక్కడి ఆధునిక చర్చిలు చూడాలనుకుంటే నిశ్చింతగా వెళ్లండి. కానీ "చర్చి నిర్మాణ కమిటీల కోసం ప్రత్యేక టూర్" అని ఎవరైనా టికెట్ అమ్మితే మాత్రం దయచేసి కొనకండి. మనిషికి 145 పౌండ్ల చొప్పున నలుగురికి 580 పౌండ్లు కట్టాం. సంఘం డబ్బు కాదు, మా సొంత డబ్బే. అయినా ఆ మంట ఇంకా తగ్గలేదు.

వెళ్లింది మా పాస్టర్ గారు, ట్రెజరర్ గారు, సౌండ్ చూసుకునే తమ్ముడు, నేను. ట్రెజరర్ గారికి డెబ్బై దాటాయి, రెండు చెవులకీ మిషన్లు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

టూర్ ప్రకటనలో ఏం రాశారంటే: లివర్‌పూల్ కేథడ్రల్‌లో ఆర్గన్ (గొట్టాల్లోకి గాలి పంపి మోగించే పెద్ద వాద్యం) ఉండే చోటు దగ్గర్నుంచి చూపిస్తారు, అకౌస్టిక్స్ (హాల్లో శబ్దం ఎలా వినబడుతుందో చూసే శాస్త్రం) నిపుణుడు వెంట ఉంటాడు, చర్చి కట్టించిన కమిటీ పెద్దలతో రెండు గంటలు కూర్చోబెట్టి ఖర్చుల సంగతి మాట్లాడిస్తారు. జరిగిందేమిటంటే, కేథడ్రల్‌లో తలుపు దగ్గరే నిలబెట్టి నలభై నిమిషాలు మాట్లాడి మళ్లీ వ్యాన్ ఎక్కించారు. దిగింది ఊరి బయట ఒక షోరూమ్ ముందు. అక్కడ మాత్రం మూడు గంటలు! ఎల్ఈడీ వాల్ (గోడంత వెలిగే తెర), తిరిగే లైట్లు, పొగ మిషన్, పైనుంచి వేలాడే స్పీకర్ల వరస. కాఫీ ఇచ్చి, బ్రోచర్లు చేతిలో పెట్టి, "మీ హాల్లో ఎన్ని సీట్లు?" అని అడిగారు. మేం చెప్పీ చెప్పకముందే కొటేషన్ ప్రింటయి వచ్చేసింది.

నాకు ఒళ్లు మండింది అక్కడే. సీలింగ్ ఎత్తెంత అని అడగలేదు. గోడలు కాంక్రీటా, ఇటుకా, చెక్క పలకలా అని అడగలేదు. మీ ఆరాధనలో పాట ఎక్కువా, వాక్యం (అంటే ప్రసంగం) ఎక్కువా అని అసలే అడగలేదు. ఇవేవీ తెలుసుకోకుండా స్పీకర్ల ధర చెప్పేవాడు మనకేం కావాలో చూడటం లేదు, తన గోడౌన్లో ఏముందో చూస్తున్నాడు. మా తమ్ముడికి మాత్రం ఎల్ఈడీ వాల్ చూడగానే కళ్లు మెరిశాయి. "అయ్యగారూ, యూత్ అంతా వస్తారండీ" అని పాస్టర్ గారి వెంట పడ్డాడు. ట్రెజరర్ గారు కొటేషన్ మడిచి జేబులో పెట్టుకుని ఒక్క మాటా మాట్లాడలేదు. ఆయన మౌనం అంటే మాకందరికీ టెన్షనే.

సాయంత్రం డబ్బు వెనక్కి అడిగాం. షోరూమ్ కూడా ప్యాకేజీలో భాగమేనని, నిబంధనల్లో ఉందని సన్నటి అక్షరాలు చూపించారు. ఒక్క పెన్నీ రాలేదు.

మర్నాడు మా అంతట మేమే అదే ఊళ్లోని రెండో కేథడ్రల్, కాథలిక్కుల మెట్రోపాలిటన్ కేథడ్రల్‌కి నడిచి వెళ్లాం. లోపలికి వెళ్లడానికి టికెట్ లేదు. మందిరం కట్టబోయే ప్రతి కమిటీ ఈ కాథలిక్ కేథడ్రల్ కథ తెలుసుకోవాలి. మొదట ఎడ్విన్ లట్యెన్స్ గీసిన ప్లాన్ ప్రకారం 168 అడుగుల వ్యాసంతో గుమ్మటం కట్టాలనుకున్నారు. రోమ్‌లోని సెయింట్ పీటర్స్ గుమ్మటం కంటే పెద్దది. 1933లో శంకుస్థాపన జరిగింది. యుద్ధం వచ్చి పని ఆగింది. యుద్ధం తర్వాత లెక్కలు వేస్తే 30 లక్షల పౌండ్ల అంచనా కాస్తా 2 కోట్ల 70 లక్షలైంది. కట్టగలిగింది నేలమాళిగ ఒక్కటే. అది ఇప్పటికీ ఉంది, కిందికి దిగి చూడండి. ఆ ఇటుక కమానుల బలం చూస్తే పైన రావలసిన భవనం ఎంతదో తెలుస్తుంది.

తర్వాత కొత్తగా పోటీ పెట్టారు. షరతులు స్పష్టంగా రాశారు: రెండు వేల మంది కూర్చోవాలి, అందరికీ బలిపీఠం దగ్గరగా కనబడాలి, భవనం ఖర్చు పది లక్షల పౌండ్లు దాటకూడదు, అయిదేళ్లలో అయిపోవాలి. ఫ్రెడరిక్ గిబ్బర్డ్ గెలిచాడు. 1962లో పని మొదలై 1967 మేలో ప్రతిష్ఠ జరిగింది. గుండ్రటి భవనం, వంగిన పదహారు కాంక్రీట్ దూలాలు, మధ్యలో తెల్ల పాలరాతి బలిపీఠం, చుట్టూ బెంచీలు. పైన గోపురం నిండా జాన్ పైపర్, పాట్రిక్ రెయిన్టియెన్స్ చేసిన రంగుటద్దాలు. మేం కూర్చున్నంత సేపట్లో నీలం వెలుగు మా బెంచీ మీంచి నేల మీదికి జరిగిపోయింది. ఆ వెలుగుకి కరెంటు బిల్లు లేదు, ఎల్ఈడీ వాల్‌కి ఉంది. ఆ మాట తమ్ముడికి గట్టిగానే చెప్పాను.

అయితే ఇంత మంచి భవనానికీ కష్టాలు తప్పలేదు. తెరిచిన కొన్నాళ్లకే అల్యూమినియం పైకప్పు కారింది. కాంక్రీటు దూలాలకు అంటించిన మొజాయిక్ పలకలు ఊడాయి. కేథడ్రల్ వాళ్లు ఆర్కిటెక్ట్ మీద 13 లక్షల పౌండ్లకు దావా వేశారు. కట్టడానికి పెట్టుకున్న పరిమితి కంటే దావా మొత్తమే ఎక్కువ! తక్కువ ఖర్చు, తక్కువ గడువు, కొత్త రకం పైకప్పు, మూడూ ఒకేసారి పెట్టుకోకూడదని నా అభిప్రాయం. పాస్టర్ గారి బెంగ వేరు. గుండ్రటి హాలంటే ఆయనకి నచ్చలేదు. "మధ్యలో నిలబడితే నా వీపు చూస్తూ వాక్యం వినాలా సగం మంది?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. ప్రభువు బల్ల చుట్టూ కూడడానికి ఆ ఆకారం బాగుంటుంది, గంటసేపు ప్రసంగం వినే సంఘానికి అర్ధవృత్తం మేలు.

టూర్ వాళ్లు తలుపు దగ్గరే ఆపేసిన లివర్‌పూల్ కేథడ్రల్ ఆంగ్లికన్ వాళ్లది, ఇదే హోప్ స్ట్రీట్‌కి రెండో చివరనుంది. ఈసారి దాన్ని కూడా మేమే వెళ్లి చూశాం. 1904లో మొదలుపెట్టి 1978లో పూర్తి చేశారు. ఆర్గన్‌కి పది వేలకు పైగా గొట్టాలు. అద్భుతం, కానీ మాబోటి సంఘానికి నేర్చుకోవడానికి పెద్దగా ఏమీ లేదు.

మేం దిగిన లాడ్జి స్టేషన్ దగ్గర, రాత్రికి రెండు గదులకి 118 పౌండ్లు. శుభ్రంగా ఉంది.

ఈ యాత్ర మొత్తానికీ విలువ తెచ్చింది ఆదివారం. పేరున్న చర్చి కాదు, వీధి మలుపులో ఉన్న చిన్న చర్చి. తలుపు మీద చెవి బొమ్మ, పక్కన "టీ" అనే అక్షరం ఉన్న స్టిక్కర్ అంటించి ఉంది. ద్వారం దగ్గరున్న ఒక పెద్దమ్మ ట్రెజరర్ గారి చెవి మిషన్లు గమనించి, వాటిని "టీ" మీద పెట్టుకోమని సైగ చేసింది. ఆయన బటన్ నొక్కారు. ప్రసంగం మొదలైన కాసేపటికి నా మోచేయి పట్టుకుని, "నా చెవిలోనే మాట్లాడుతున్నాడ్రా" అన్నారు. కళ్లలో నీళ్లు. మా హాల్లో ఆయన ఏళ్లుగా ముందు వరసలో కూర్చుని, సగం వాక్యం పాస్టర్ గారి పెదవులు చూసి పట్టుకుంటున్నారని అప్పుడు తెలిసింది మాకు.

ఆరాధన అయ్యాక సౌండ్ డెస్క్ దగ్గరి పెద్దాయన ఓపికగా అన్నీ చెప్పాడు, పైసా తీసుకోలేదు. నేల చుట్టూ రాగి తీగ వేస్తారు. ఒక యాంప్లిఫయర్ మైకులోంచి వచ్చిన సిగ్నల్‌ని ఆ తీగలోకి పంపుతుంది. తీగ చుట్టూ పుట్టే అయస్కాంత క్షేత్రాన్ని మిషన్‌లోని చిన్న కాయిల్ అందుకుంటుంది. హాలు రొద, ప్రతిధ్వని ఏవీ మధ్యలో చేరవు. కాకపోతే అన్ని మిషన్లలో ఆ కాయిల్ ఉండదు, కొనేముందు అడగాలి. దగ్గర్లో ఇనుప కడ్డీలు ఎక్కువుంటే క్షేత్రం బలహీనపడుతుంది కాబట్టి ముందే కొలిపించుకోవాలి.

ఆయనే ఇంకో సంగతీ చెప్పాడు. మాట స్పష్టంగా వినబడాలంటే హాల్లో ధ్వని దాదాపు ఒక సెకనులో చల్లారాలి. ఆర్గన్‌కి, సంఘం కలిసి పాడే పాటకి రెండు సెకన్లు నిలిస్తేనే నిండుతనం. అందుకే నేలంతా కార్పెట్ పరిస్తే ప్రసంగం బాగుంటుంది కానీ ఎవరి పాట వారికే వినబడి జనం గొంతు తగ్గిస్తారు. హాలు 34 మీటర్ల పొడవుంటే వేదిక దగ్గరి శబ్దం చివరి వరసకి సెకనులో పదో వంతు ఆలస్యంగా చేరుతుంది. వెనక స్పీకర్లు పెడితే వాటినీ ఆ మేరకు ఆలస్యంగా మోగించాలి. మూడు గంటల షోరూమ్‌లో ఒక్కరూ ఈ మాట ఎత్తలేదు. తమ్ముడు నోట్‌బుక్ తీసింది ఇక్కడే.

కోవెంట్రీకి రైల్లో వెళ్లాం. 1940 నవంబరు 14 రాత్రి బాంబులకు కూలిన పాత కేథడ్రల్ గోడల్ని అలాగే ఉంచి, పక్కనే బాసిల్ స్పెన్స్ కొత్తది కట్టాడు. పోటీకి రెండు వందలకు పైగా ప్లాన్లు వచ్చాయట. 1962లో ప్రతిష్ఠ. ఖర్చులో పెద్ద భాగం యుద్ధ నష్టపరిహారం కింద వచ్చింది, అలాంటి ఆధారం ఏ మామూలు సంఘానికీ ఉండదు. పక్క గోడలు రంపపు పళ్లలా మలిచి, కిటికీలు బలిపీఠం వైపు తిప్పారు. లోపలికి నడుస్తుంటే రంగులు కనబడవు. బలిపీఠం దగ్గరికి వెళ్లి వెనక్కి తిరిగితే అన్నీ ఒక్కసారిగా కనిపిస్తాయి. పాస్టర్ గారు అక్కడ చాలాసేపు నిలబడిపోయారు. కనీసం రెండు గంటలు పెట్టుకుని వెళ్లండి.

లివర్‌పూల్ పోటీ షరతుల్లాగే మా అవసరాలన్నీ ఒకే కాగితం మీద రాద్దామని తిరుగు రైల్లో పాస్టర్ గారు మొదలుపెట్టారు: సీట్లు, ఖర్చు పరిమితి, గడువు, పైకప్పు మరమ్మతుకి ఏటా పక్కన పెట్టాల్సిన సొమ్ము. ఎల్ఈడీ వాల్ మీద తమ్ముడికీ నాకూ ఇంకా వాదన నడుస్తూనే ఉంది. ట్రెజరర్ గారు మాత్రం షోరూమ్ కొటేషన్ వెనక్కి తిప్పి, ఆ ఖాళీ వైపు మొదటి ఖర్చుగా రాగి తీగ రాశారు. ఫ్లోరింగ్ వేశాక అయితే నేల తవ్వాల్సి వస్తుందని, కాంట్రాక్టర్‌కి ముందే చెప్పమని నాకు పని అప్పగించారు.