లంబసింగిలో పోయిన డబ్బు, సీలేరు దారిలో వసూలైన ఆనందం

లంబసింగి వెళ్లాలనుకునేవాళ్లకు ముందే చెబుతున్నా: ఆ ఊళ్లో రాత్రి ఉండకండి. తెల్లవారుజామున నర్సీపట్నంలో బయల్దేరండి, మంచు చూడండి, అక్కడే నాలుగు ఇడ్లీలు తిని చింతపల్లి మీదుగా సీలేరు దారి పట్టండి. నర్సీపట్నం, చింతపల్లి, సీలేరు, చింతూరు, భద్రాచలం. విశాఖ మన్యం కొండలెక్కి దిగి గోదావరి ఒడ్డున తేలే రోడ్డు ఇది. జనం మాత్రం మొదటి ముప్పై కిలోమీటర్లు చూసి, సెల్ఫీలు దిగి వెనక్కి పోతున్నారు.

మేం నలుగురం. నేను, మా ఆవిడ, ఏడో తరగతి చదివే మావాడు, మా మామగారు. ఆయన కరెంటు బోర్డులో చేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో పోస్టింగు ఈ దారిలోనే ఉన్న మోతుగూడెం. "ఒక్కసారి ఆ దారిన తీసుకెళ్లు బాబూ" అని ఎప్పట్నుంచో అడుగుతున్నారు. డిసెంబర్లో కుదిరింది.

గాజువాక నుంచి తాళ్లపాలెం జంక్షన్ మీదుగా నర్సీపట్నం దాకా చెప్పుకోవడానికేమీ లేదు. ఆ పైన ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం మావాడికి చరిత్ర పాఠం తప్పలేదు, వాళ్ల తాతగారు ముందు సీట్లో ఉన్నారు మరి. ఈ కొండల్లో రోడ్డు వేయించడానికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల్ని బలవంతంగా పనిలోకి తోలాడు. ఇవ్వాల్సిన కూలి కూడా సరిగ్గా ఇవ్వలేదు. అల్లూరి సీతారామరాజు వెంట మన్యం కదలడానికి ఆ రోడ్డు పని ఒక ముఖ్య కారణం. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. చింతపల్లిలో ఒక్కచోటే 11 తుపాకులు, 1,390 తూటాలు పట్టుకెళ్లారు. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 24న, దామనపల్లి దగ్గర స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు రాజు దళం కాల్పుల్లో చనిపోయారు. వాళ్ల సమాధులు నర్సీపట్నంలోనే ఉన్నాయి. ఈ కథంతా విని మావాడు అడిగింది ఒక్కటే: "తాతయ్యా, వాంతి వస్తోంది, కారాపమంటారా?" డౌనూరు దాటాక మలుపులు అలాంటివి. వాంతులు ఆపే అవోమిన్ మాత్ర ముందే వేసేయండి.

ఇక లంబసింగి.

ఫోన్లో మాట్లాడుకున్నది: ఇద్దరికి ఒక టెంటు 1,500, రెండు టెంట్లు 3,000, చలిమంట ఉచితం, ఉదయం టిఫిన్ కలిపి. 1,000 అడ్వాన్సు పంపించాం. సాయంత్రం చేరేసరికి టెంటు 2,400 అయింది. "వీకెండ్ రేటు సార్. వెనకాల మూడు కార్లు వెయిటింగు, ఇష్టమైతే ఉండండి" అన్నాడు టెంట్లవాడు, కుర్చీలోంచి లేవకుండానే. అడ్వాన్సు తిరిగిమ్మంటే, రూలు ఒప్పుకోదట. ఆ రూలు ఎక్కడ రాసుందో చూపించమన్నా. ఫోను చెవికి పెట్టుకుని అటు తిరిగాడు. చీకటి పడింది, చలి మొదలైంది, ఇంకో చోట దొరుకుతుందన్న నమ్మకం లేదు. కట్టేశాం.

చలిమంట ఉచితమే, కట్టెలకు 300. వేడినీళ్లు బకెట్ 50. రెండో రగ్గు అడిగితే 100, అదీ తడిగా, ముక్కవాసన కొడుతూ. ఇరవై టెంట్లకు రెండే మరుగుదొడ్లు, ఒకదానికి గడియ లేదు. మా ఆవిడ లోపలికెళ్తే నేను బయట తలుపు పట్టుకుని నిలబడాలి. నా వెనక అయిదారుగురు లైను. రాత్రి ఒంటిగంట దాకా బాక్సులు పెట్టి పాటలు. మంచు కోసం వచ్చి డీజే వినడం ఏం సరదానో నాకర్థం కాలేదు. మామగారు మంకీ క్యాప్ పెట్టుకుని కార్లోనే పడుకున్నారు, ఒక్కమాట అనలేదు. ఆయన అనలేదు గానీ వాళ్లమ్మాయి అంది, తెల్లారేదాకా.

ఉచిత టిఫిన్ ఏమిటంటే, ఒక్కొక్కరికి రెండు ఇడ్లీలు, నీళ్ల చట్నీ. మూడో ఇడ్లీకి పది రూపాయలు. మొత్తం ఆ ఒక్క రాత్రికి 5,380. రసీదు లేదు.

న్యాయంగా చెప్పాలంటే పొద్దున చెరువులవేనం కొండ మీద నుంచి చూసిన మంచు బాగుంది. లోయంతా తెల్లగా నిండిపోయి, కొండల కొసలు మాత్రమే పైకి కనిపిస్తాయి. ఎనిమిదిన్నరకల్లా కరిగిపోతుంది. అయితే దానికోసం రాత్రి టెంట్లో పడుకోనక్కర్లేదు. నర్సీపట్నంలో 1,200కి గడియ ఉన్న బాత్రూంతో మంచి రూము దొరుకుతుంది, నాలుగున్నరకు బయల్దేరితే చాలు.

చింతపల్లిలో ట్యాంకు నింపించండి. ముందు బంకు దొరుకుతుందని నమ్ముకుని పోకండి. లంబసింగి నుంచి చింతపల్లి దాకా ఉన్న ముక్క ఇప్పుడు రాజమహేంద్రవరం నుంచి విజయనగరం పోయే 516-ఇ జాతీయ రహదారిలో కలిసింది. చింతపల్లిలో ఆ హైవే పాడేరు వైపు తిరుగుతుంది, సీలేరు రోడ్డు దాని పాత బతుకే బతుకుతోంది. ఆర్.వి.నగర్ దాటాక గోతులు మొదలు. రెండో గేరు దాటింది తక్కువ. కానీ రెండు పక్కలా సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు. పళ్లు కోసే కాలం కావడంతో ఇళ్ల ముందు పరదాల మీద కాఫీ గింజలు ఆరబోసి ఉన్నాయి. మా ఆవిడ ముఖంలో నవ్వు వచ్చింది ఇక్కడే. రోడ్డు పక్కన ఒకామె దగ్గర రాజ్మా కిలో 130 చొప్పున మూడు కిలోలు కొంది, బేరం ఆడకుండా. ఆవిడ బేరం ఆడలేదంటే మనసు బాగుందని అర్థం.

ధారకొండ ఘాట్‌లో ధారాలమ్మ గుడి దగ్గర ఆగని బండి ఉండదు. మేమూ కొబ్బరికాయ కొట్టాం. ఆ తర్వాత ఒక సన్న మలుపులో ఎదురుగా ఆర్టీసీ బస్సు. నాకు చెమటలు పట్టాయి. ఆ డ్రైవరు చేత్తో "ఉండండి" అని సైగ చేసి, అంత బస్సునీ తనే వెనక్కి తీసుకుని నాకు దారిచ్చాడు. అద్దం దించి "నిదానంగా పోండి సార్, ముందు కల్వర్టు దగ్గర ఎడమ పట్టండి" అని చెప్పి మరీ వెళ్లాడు. ఘాట్‌లో మీ చేతి మీద నమ్మకం లేకపోతే విశాఖ, భద్రాచలం బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చోండి. సిగ్గుపడాల్సిందేం లేదు.

సీలేరు చేరేసరికి రెండు దాటింది. హోటలు బోర్డు లేని ఒక ఇంట్లో భోజనం పెడతారని చెప్పారు. ఇత్తడి గిన్నెలో చేపల పులుసు. రిజర్వాయరులో పట్టిన చేప, పొద్దున్నే వండింది కావడంతో పులుపు ముక్క లోపలిదాకా పట్టింది. పైన పచ్చిమిరపకాయ నిలువుగా చీరి వేసింది. ఆ పక్కన చిక్కుడుకాయ కూర, చారు, చిన్న గిన్నెలో ఆవకాయ. ఆ ఇంటామె మామగారి విస్తరి చూసి "ఏటి బాబూ, అన్నం అలా కెలుకుతున్నావేటి, ఇంకో ముక్క ఏసుకో" అని అడక్కుండానే వేసింది. రాత్రి నుంచి నోరు విప్పని మనిషి రెండోసారి పులుసు అడిగి పోయించుకున్నారు. భోజనం 120, చేప ముక్కలకు విడిగా డబ్బుల్లేవు. నలుగురికి 480. ఐదొందల నోటిస్తే ఇరవై తిరిగిచ్చింది, ఉంచమన్నా ఉంచుకోలేదు. 5,380 పుచ్చుకున్నవాడికి ఈ ఇంట్లో రెండ్రోజులు ట్రైనింగు ఇప్పించాలి.

అక్కణ్నుంచి కథంతా మామగారిది. నది అవతలి ఒడ్డు ఒడిశా. మాచ్‌ఖండ్ అని పైన పిలిచే ఆ నీళ్లే ఇక్కడ సీలేరు. ఆ నీళ్లతోనే కరెంటు: ఎగువ సీలేరు కేంద్రంలో 240 మెగావాట్లు, డొంకరాయిలో 25, దిగువ సీలేరు కేంద్రం ఉన్న పొల్లూరులో 460. ఈ యంత్రాలు, సిమెంటు మోయడానికే అడవిలో రోడ్లు పడ్డాయి, ఆ తర్వాతే బస్సులొచ్చాయి అంటారాయన. ఎగువ సీలేరు 1967లో, దిగువ సీలేరు 1976లో మొదలయ్యాయి. 2014కి ముందు ఈ దారి విశాఖ, తూర్పు గోదావరి, ఖమ్మం జిల్లాల కొసల మీదుగా పోయేది. ఏ జిల్లాకు చూసినా చివరి ఊళ్లే, గోతులు పూడ్చమని ఎవర్నడగాలో తెలిసేది కాదట.

డొంకరాయి నుంచి కరెంటు కేంద్రానికి నీళ్లు తీసుకెళ్లే పవర్ కెనాల్ చూపిస్తూ, ఎక్కడ ఏ క్యాంపు ఉండేదో చెబుతూ వచ్చారు. మోతుగూడెంలో తానున్న క్వార్టరు వెతికి పట్టుకున్నారు. పైకప్పు కొంత పోయింది, గుమ్మంలో మేకలు. లోపలికి తొంగిచూసి "వంటగది ఇంత చిన్నదా" అని మాత్రం అన్నారు. పొల్లూరు జలపాతం చూడలేదు, పొద్దుపోతోంది. చూసినా నీళ్లలోకి దిగకండి, రాళ్లు నాచుపట్టి ఉంటాయని అక్కడివాళ్లే హెచ్చరించారు.

దారిలో పోలీసులు రెండుచోట్ల ఆపారు, గంజాయి తనిఖీ. డిక్కీ, సంచులు, మావాడి స్కూలు బ్యాగు కూడా తీశారు. మర్యాదగానే మాట్లాడారు. ఆధార్ కార్డులు చేతికందేలా పెట్టుకోండి, విసుక్కోకండి.

చింతూరులో పెద్ద రోడ్డు ఎక్కేసరికి చీకటి పడింది, భద్రాచలం చేరేసరికి ఎనిమిదిన్నర. ఏసీ రూము 1,400, వేడినీళ్లు ఉచితం. రామయ్య దర్శనం మర్నాడు పొద్దున్నే గంటలో అయిపోయింది.

మీరు వెళ్లేటట్టయితే ఇటు నుంచే వెళ్లండి, భద్రాచలం వైపు నుంచి కాదు. అటు నుంచి మొదలుపెడితే ధారకొండ గోతులు సాయంత్రం వేళకు తగులుతాయి, మంచులో ఆ గోతులు కనపడవు. తిరుగు ప్రయాణం మారేడుమిల్లి, రాజమండ్రి మీదుగా పెట్టుకోండి. పెట్రోలు అంతా కలిపి 4,700 అయింది.