కారు అద్దాలకు కొత్తగా సన్ ఫిల్మ్ వేయిస్తున్నారా? డబ్బులు కట్టేముందు ఇది చదవండి

విజయవాడ ఎండల సంగతి మీకు చెప్పక్కర్లేదు. వెనక సీట్లో కూర్చున్న మా పాపకి ఒక పక్క మొహమంతా కందిపోతోందని ఈ మధ్యే కారుకి ఫిల్మ్ వేయించాం. మంచి కంపెనీ ఫిల్మ్, ఐదేళ్ల వారంటీ అని డబ్బులు గట్టిగానే తీసుకున్నారు. ఇప్పుడు చూస్తే ముందు డోర్ల అద్దాలు రెండిటి మీదా పై అంచు లేచిపోయి ఉంది, వెనక డోర్ మీద చారలు పడ్డాయి. వారంటీ అడిగితే "అద్దాలు దించారు కదా సార్, కస్టమర్ తప్పుకి వారంటీ రాదు" అంటున్నారు. షాపు పేరు ఇక్కడ రాయడం లేదు. కానీ జరిగింది మాత్రం మీరంతా తెలుసుకోవాలి, ఎందుకంటే ఈ వంక చాలా షాపుల దగ్గర సిద్ధంగా ఉంటుంది.

అద్దం దించింది మేం కాదు. కారు అప్పగించేటప్పుడు, ఫినిషింగ్ చూడండి సార్ అంటూ ఫిల్మ్ వేసిన కుర్రాడే డ్రైవర్ పక్క స్విచ్‌లు నొక్కి ముందు అద్దాలు రెండూ పూర్తిగా దించి మళ్లీ ఎక్కించాడు. ఫిల్మ్ అద్దానికి లోపలి వైపు ఉంటుంది, సబ్బునీళ్లతో అతికిస్తారు, స్క్వీజీతో (నీళ్లు లాగేసే రబ్బరు పట్టీ) ఎంత లాగినా కింద కొంత తడి మిగిలే ఉంటుంది. ఆ తడి ఆరేదాకా జిగురు పట్టదు. అద్దం కిందికి వెళ్లేటప్పుడు పెద్దగా ఏమీ కాదు, తిరిగి పైకి వచ్చేటప్పుడే డోర్ లోపలి బీడింగ్, అంటే అద్దాన్ని ఒరుసుకుని ఉండే రబ్బరు పట్టీ, ఫిల్మ్ పై అంచుని పట్టుకుని వెనక్కి లాగుతుంది. మా అద్దాలు పైకి వచ్చేసరికి ఒక్కోదానికి ఒక మూల గోరంత ముక్క మడత పడింది. వాడు బొటనవేలితో నొక్కి, ఎండకి అదే అతుక్కుంటుంది అన్నాడు. అతుక్కోలేదు, ఆ మడతలోకి దుమ్ము చేరింది, ఇంక ఎప్పటికీ అతుక్కోదు కూడా.

ఎండాకాలంలో కనీసం మూడు నాలుగు రోజులు, వానల్లోనూ చలికాలంలోనూ అయితే వారం పైనే అద్దాలు దించకూడదు. పూర్తిగా ఆరడానికి నెల దాకా పట్టొచ్చు. ఈ ఒక్క ముక్క ఏ షాపు వాడైనా ముందుగా చెప్పాలి, నోటితో కాదు, బిల్లు మీద రాసి ఇవ్వాలి. మాకు నోటితో కూడా చెప్పలేదు. మీరు వేయిస్తే అక్కడే నాలుగు స్విచ్‌ల మీదా టేప్ అంటించమనండి. విండో లాక్ బటన్ ఉంది కదా అనుకోకండి, చాలా కార్లలో అది మిగతా డోర్ల స్విచ్‌లనే ఆపుతుంది, డ్రైవర్ దగ్గరి స్విచ్ పనిచేస్తూనే ఉంటుంది. కొన్ని కార్లలో తాళం రిమోట్ మీద బటన్ గట్టిగా నొక్కి పట్టుకుంటే అద్దాలన్నీ ఒకేసారి దిగిపోతాయి, మీ కారుకి అది ఉందేమో చూసుకోండి. పెట్రోల్ బంకులో అద్దం దించకుండా డోర్ తీసి మాట్లాడితే సరిపోతుంది.

ఇక ఆ చారల సంగతి. ఫ్రీ వాష్ ఉంది రండి సార్ అని ఆ షాపు వాళ్లే పిలిస్తే వెళ్లాం. మామూలు నీలం రంగు గ్లాస్ క్లీనర్ లోపలి వైపు కొట్టి, డ్యాష్‌బోర్డు తుడిచిన గుడ్డతోనే రుద్దేశారు. అమ్మోనియా ఉన్న క్లీనర్లు ఫిల్మ్‌ని పాడు చేస్తాయి, ఆ గుడ్డలోని ఇసుక రేణువులు గీతలు పెడతాయి. నిజానికి నెల దాకా లోపలి వైపు తుడవకుండా వదిలేయడమే మంచిది. తర్వాత కూడా బేబీ షాంపూ నాలుగు చుక్కలు వేసిన నీళ్లు, శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డ చాలు. న్యూస్‌పేపర్ వద్దు, గిన్నెలు తోమే పీచు అసలే వద్దు. బయటి వైపు కడుక్కోవచ్చు, వానలో తడిసినా ఏమీ కాదు. వానలో లోపల ఆవిరి పడితే మాత్రం చేత్తోనో గుడ్డతోనో తుడవకుండా ఏసీ వేయండి.

మొదట్లో అద్దం కాస్త మసకగా, అక్కడక్కడా చిన్న నీటి బుడగలతో కనిపిస్తే టెన్షన్ పడొద్దు, కారు ఎండలో పెడితే అవి పోతాయి. పిన్నుతో పొడవడం, గోరుతో నొక్కడం చేయకండి. బుడగ మధ్యలో చిన్న నలుసు కనిపిస్తే మాత్రం అది దుమ్ము, ఆరినా పోదు. అంచుల దగ్గర వేళ్లలా నిలువుగా లేచిన మడతలూ అంతే. ఈ రెండూ వేసినవాళ్ల పనితనం లోపమే, కారు తీసుకునేటప్పుడే ఫొటోలు తీసుకోండి, తేదీ పడేలా.

వెనక అద్దం మీద పాత ఫిల్మ్ ఉంటే ఇంకా జాగ్రత్త. అక్కడ అద్దం మీద ఆవిరి పోగొట్టే సన్నటి డీఫాగర్ గీతలు ఉంటాయి, బ్లేడుతో గీకితే తెగిపోతాయి, తెగితే డీఫాగర్ పనిచేయదు. వేడి చేసి, నానబెట్టి నెమ్మదిగా తీయమనండి, తొందరపడే వాడికి ఆ అద్దం ఇవ్వకండి. డోర్ ప్యాడ్ల మీద తువ్వాళ్లు పరచమని కూడా చెప్పండి, ఆ సబ్బునీళ్లు స్విచ్‌లలోకి దిగితే అదో ఖర్చు.

వారంటీ కార్డు చేతికి వచ్చేదాకా పూర్తి డబ్బులు ఇవ్వకండి. దాని మీద బండి నంబరు, ఫిల్మ్ మోడల్, తేదీ, షాపు ముద్ర ఉండాలి. అది ఫిల్మ్ కంపెనీ కార్డా, షాపు వాళ్లు సొంతంగా అచ్చు వేయించుకున్నదా అన్నది చూడండి. మా చేతికి వచ్చింది రెండో రకం. కంపెనీది అయితే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి అక్కడే సరిచూసుకోవచ్చు.

ఇంకొకటి, "50 శాతం ఫిల్మ్ సార్, లీగల్" అంటే వెంటనే నమ్మకండి. రూల్ ప్రకారం ముందు, వెనక పెద్ద అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలి. ఇది అద్దం, ఫిల్మ్ కలిపి చూసే లెక్క. కంపెనీ అద్దమే 75 శాతం వదిలేదనుకుంటే, దాని మీద 50 శాతం ఫిల్మ్ వేస్తే మిగిలేది 37 శాతం చిల్లర. 2012లో సుప్రీంకోర్టు ఫిల్ములు తీయించమంది, 2021 ఏప్రిల్ నుంచి మారిన రూల్ ఆధారంగా 2024లో కేరళ హైకోర్టు ప్రమాణాలకు లోబడిన ఫిల్ముకి అభ్యంతరం లేదంది. కానీ రోడ్డు మీద ఆపే పోలీసు చూసేది ముందు నలుపునే. వెలుతురు కొలిచే మీటర్ పెట్టి అద్దంతో కలిపి కొలిచి చూపించమనండి, చూపించనంటే ఇంకో షాపుకి వెళ్లండి.

మేం జీఎస్టీ బిల్లు, ఫొటోలు పెట్టి 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు ఇచ్చాం. ఆ తర్వాతే షాపు నుంచి ఫోన్ వచ్చింది, ముందు డోర్లు రెండూ మళ్లీ వేస్తామంటున్నారు, వెనక డోర్ గురించి మాత్రం ఇంకా నోరు మెదపడం లేదు. మూడూ వేసి, జాగ్రత్తలు కాగితం మీద రాసి ఇస్తేనే కారు పంపుతాం అని చెప్పాం. ఇదే షాపు అని అనుమానం ఉంటే మెసేజ్ పెట్టండి, బిల్లు మాత్రం పారేయకండి.