‘సమ్మె’ చూడాలా, ‘అమ్మ’ చూడాలా?
దర్శకుడు ఐసెన్‌స్టీన్ తీసిన ‘సమ్మె’ (1925), దర్శకుడు పుడోవ్‌కిన్ తీసిన ‘అమ్మ’ (1926). రెండూ సోవియట్ మూకీలే, రష్యాను జార్ చక్రవర్తులు ఏలిన కాలపు ఫ్యాక్టరీ కార్మికుల కథలే. ఎడిటింగే వేరు.

‘సమ్మె’లో హీరో అంటూ ఒక్కడు ఉండడు, జనమే హీరో. చివర్లో సైనికులు కార్మికులను చంపే షాట్ల మధ్య కబేళాలో ఎద్దును కోసే షాట్లు వస్తాయి. కథలో ఆ కబేళాకు చోటే లేదు. రెండు బొమ్మలను ఢీకొట్టించి ఐసెన్‌స్టీన్ అర్థం పుట్టించాడు. చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

‘అమ్మ’ గోర్కీ నవలే, మనవాళ్లు తెలుగులో చదువుకున్నదే. పుడోవ్‌కిన్ షాట్లను ఇటుకల్లా పేరుస్తాడు. జైల్లో కొడుకు ఆనందపడితే వాగు పారుతుంది, పసివాడు నవ్వుతాడు. ఊరేగింపు కదిలితే నదిలో మంచు పలకలు పగిలి కొట్టుకుపోతాయి.

మూకీలు అలవాటు లేనివాళ్లు ‘అమ్మ’తో మొదలుపెట్టండి. తల్లిగా వేసిన బరనోవ్‌స్కయా మొహం చూస్తుంటే టైటిల్ కార్డులు (మధ్యమధ్య తెర మీద వచ్చే రాతలు) చదవకపోయినా కథ తెలిసిపోతుంది.