ఆబిడ్స్‌లో 150కి దొరికిన షికాగో

సుధీర్ వెంకటేశ్ రాసిన 'గ్యాంగ్ లీడర్ ఫర్ ఎ డే' (2008) ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద 150 రూపాయలకి దొరికింది. అట్ట మీద పేరు చూసి మా తమ్ముడు "చిరంజీవి గురించా అక్కా?" అన్నాడు.

కాదు. ఇది రచయిత సొంత అనుభవమే. చెన్నైలో పుట్టి, కాలిఫోర్నియాలో పెరిగిన కుర్రాడు 1989లో షికాగో యూనివర్సిటీలో సోషియాలజీ చదవడానికి చేరి, సర్వే ఫారాలు పట్టుకుని పేదల క్వార్టర్లకి పోతాడు. "నల్లవాడిగా, పేదవాడిగా ఉండటం ఎలా ఉంది?" అని అడుగుతాడు. 'చాలా బాగాలేదు' నుంచి 'చాలా బాగుంది' దాకా ఐదు జవాబులు, ఒకటి ఎంచుకోవాలట! ముఠా కుర్రాళ్ళు ఆ రాత్రంతా అతన్ని మెట్ల దగ్గరే ఆపేశారు. నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. నేనూ రెండేళ్ళు బస్తీల్లో ఇంటింటి సర్వే చేసినదాన్నే. "మీ నెల ఆదాయం ఎంతమ్మా?" అంటే, బియ్యం చెరుగుతున్న ఒకామె తలెత్తకుండానే "ఏ నెలది?" అంది. మా ఫారంలో దానికి గడి లేదు.

తర్వాత కొన్నేళ్ళు షికాగోలో పేదల క్వార్టర్లైన రాబర్ట్ టేలర్ హోమ్స్‌లోనే అతని తిరుగుడు. పదహారేసి అంతస్తుల బిల్డింగులు, మొత్తం 28. 2007కల్లా అన్నీ కూల్చేశారు. ముఠా నాయకుడు జేటీ చేరదీశాడు. పేరులో ఉన్న ఆ 'ఒక్క రోజు', అంటే జేటీ బదులు ఇతను ముఠాని నడిపిన రోజు, నాకంత గొప్పగా అనిపించలేదు. బిల్డింగు ఎవరు ఊడవాలన్న పంచాయతీ కూడా అందులో ఉంది.

అసలు కథ వేరే చోట ఉంది. మిఠాయిలు అమ్మేవాళ్ళు, పిల్లల్ని చూసుకునేవాళ్ళు, కార్లు బాగుచేసేవాళ్ళు నమ్మి తమ సంపాదన లెక్కలు చెప్పారు. ఇతను ఆ లెక్కలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడమని జేటీకీ, బిల్డింగు పెద్ద మిస్ బెయిలీకీ వినిపించాడు. ఇంకేముంది, ఇద్దరూ వాళ్ళ దగ్గర వసూళ్ళకి దిగారు. జనం ఇతని మొహం చూడటం మానేశారు. తన తప్పు తనే రాసుకున్నాడు, అది మెచ్చుకోవాలి. కానీ అక్కడ ఇంకొన్ని పేజీలు ఆగాల్సింది. లెక్కలు చెప్పిన ఆడవాళ్ళు తర్వాత ఏం చేశారో తెలుసుకోవాలని నాకుంటే, ఆయన మళ్ళీ జేటీ వెంట పోయాడు.

ఇంగ్లీషు తేలికే, రెండు రాత్రుల్లో అయిపోతుంది. ఐదుకి నాలుగిస్తాను. మా ఆఫీసులో సర్వేకి కొత్తగా చేరిన అమ్మాయికి, ముందు ఆ లెక్కల అధ్యాయమే చదవమని ఇచ్చాను. మూడు వారాలైంది, పుస్తకం ఇంకా తిరిగి రాలేదు.