గులాబీ రంగు పూసిన విత్తనాలు కొంటున్నారా? పిట్టలు చచ్చిపోతున్నాయి, చూసుకోండి

ఆన్‌లైన్‌లో మొక్కజొన్న విత్తనాలు కొనేవాళ్లందరికీ ఇది చెప్పాలి. నేను తెప్పించుకున్న గులాబీ రంగు గింజల ప్యాకెట్ గురించి అమ్మకం పేజీలో ‘నాణ్యమైన విత్తనం’ అనే ఉంది తప్ప, పురుగుమందు పట్టించారన్న మాటే లేదు. గింజలు నాటిన మర్నాడు పొద్దున గువ్వ ఒకటి గట్టు మీద ఈకలు ఉబ్బించుకుని కూర్చుంది. దగ్గరికెళ్లినా ఎగరలేదు. రెండడుగులు వేసి ఒరిగిపోయింది, రెక్కలు నేలకు జారిపోయాయి. మధ్యాహ్నానికి చనిపోయింది. పక్కన మట్టిపైనే మిగిలిపోయిన గింజలున్నాయి, కొన్ని పొడిచి ఉన్నాయి.

అప్పుడు ప్యాకెట్ అడుగు మడత విప్పి చూస్తే, చీమ తలకాయంత అక్షరాల్లో ‘ఇమిడాక్లోప్రిడ్’ అని పురుగుమందు పేరు ఉంది. అమ్మినవాళ్లని అడిగితే ‘అది పురుగులకే అండీ, పక్షులకు ఏమీ కాదు’ అన్నారు. అది పచ్చి అబద్ధం.

ఇమిడాక్లోప్రిడ్ నియోనికోటినాయిడ్ అనే రకం పురుగుమందు. ఈ రకం మందులు నరాల మీద పనిచేస్తాయి. పురుగుల మీద ప్రభావం ఎక్కువన్నది నిజమే, కానీ పక్షుల నరాల్లోనూ అవే గ్రాహకాలు (మందు అతుక్కుని పనిచేసే చోట్లు) ఉంటాయి. పక్షి ఒంటి బరువు కిలోకు 41 మిల్లీగ్రాముల చొప్పున ఇమిడాక్లోప్రిడ్ పడితే ఊరపిచ్చుకల్లో సగం చనిపోతాయని పరీక్షల్లో తేలింది. పిచ్చుక తూగేదే 30 గ్రాముల లోపు. అంటే మిల్లీగ్రాము పైచిలుకు చాలు, అంత మందు ఒక్క మొక్కజొన్న గింజకే పట్టి ఉండొచ్చు! చావని పక్షులకూ గండమే. 2019లో వచ్చిన ఒక పరిశోధనలో వలస పిచ్చుకలకు ఇంతకంటే చాలా తక్కువ మోతాదు ఇస్తే, 6 గంటల్లోనే ఒంటి బరువులో 6 శాతం తగ్గి, ప్రయాణం మూడున్నర రోజులు ఆలస్యమైంది.

కాబట్టి కొనేముందే ‘విత్తనశుద్ధి చేశారా (అంటే గింజలకు మందు పట్టించారా), ఏ మందుతో?’ అని రాతపూర్వకంగా అడగండి. ఇమిడాక్లోప్రిడ్ గానీ, అదే రకానికి చెందిన థయామెథోక్సామ్, క్లోథియానిడిన్ గానీ అని చెబితే నా మాట విని మానేయండి. యూరోపియన్ యూనియన్ 2018లోనే ఈ మూడింటినీ ఆరుబయట పంటల్లో వాడకుండా నిషేధించింది, అదీ తేనెటీగల కోసం. జవాబు దాటేస్తే అసలే కొనొద్దు.

ఇప్పటికే కొనేసి ఉంటే గింజల్ని కడిగి వాడేద్దాం అనుకోకండి, మందు నీళ్లలో కరిగి కాలవల్లోకి పోతుంది. పిట్టలకు వేయకండి, ఎరువు గుంతలోనూ పారేయకండి. గట్టిగా మూతపెట్టి, అమ్మినవాళ్లకే తిప్పి పంపండి. నేను అదే చేశాను. డబ్బు వెనక్కిచ్చారు గానీ, పేజీలో మందు పేరు మాత్రం ఇంకా రాయలేదు.